చప్పుడు లేని మిషన్

"నా మాట విని మూడు బ్లేడ్లది తీసుకోండి భాస్కర్ గారూ. అరిగితే మీరే సాన పట్టుకోవచ్చు. ఆ స్పైరల్ కట్టర్ నిండా చిన్న చిన్న బ్లేడ్లండి. అన్నీ విప్పి, తిప్పి, బిగించేసరికి చుక్కలు కనిపిస్తాయి," అన్నాడు రాజమండ్రిలో మిషన్ల షాపు నడిపే నాగేశ్వరప్రసాద్.

"కనిపిస్తే కనిపించనివ్వండి. నాకు స్పైరలే కావాలి," అన్నాడు ఉదయభాస్కర్.

చెక్కని చిత్రిక పట్టడానికి అతని ఇంటి వాకిట్లో ఉన్న ప్లానింగ్ మిషన్ మూడు బ్లేడ్లదే. పనికి వంక పెట్టడానికి లేదు. కాకపోతే ఆన్ చేస్తే వీధి చివరిదాకా మోత. ఆ మోత మీదే పెనుగొండలో ఉన్న అత్తగారు రత్నమాణిక్యం భీష్మించుకు కూర్చుంది. "కడుపుతో ఉన్నన్నాళ్లూ మా హారతి ఆ గోల భరించింది, చాలు. మిషన్ మార్చేదాకా తల్లీబిడ్డల్ని పంపేది లేదండి," అని తేల్చి చెప్పేసింది. బాబుకి మూడో నెల. కన్నకొడుకుని ఫోన్లో చూసుకుంటూ బతకడం ఉదయభాస్కర్ వల్ల కావడం లేదు. అత్తగారి చేత సరే అనిపించుకున్నాకే షాపులోంచి కదలాలని ఒట్టు పెట్టుకుని మరీ వచ్చాడు.

ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. అవతల బాబు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు.

"ఎత్తుకున్నా ఊరుకోడు, ఊపినా ఊరుకోడు," అని విసుక్కుంది రత్నమాణిక్యం. "ఊఁ, వినిపించండి మీ మిషన్."

నాగేశ్వరప్రసాద్ స్పైరల్ మిషన్ ఆన్ చేసి ఒక టేకు చెక్క తోశాడు. పొట్టు మెత్తగా రాలింది.

"విన్నారా అత్తయ్యగారూ?"

"ఏదండీ, ఏమీ వినపడట్లేదే!"

"మనకి కావాల్సింది అదేనండి!" ఉదయభాస్కర్ మొహం వెలిగిపోయింది.

"ఆయ్, అయితే అదే తీసుకోండి. ఆదివారం మంచిరోజు, తల్లీబిడ్డల్ని దింపేస్తాం."

"ఆగండాగండి. రెండోది కూడా వినాలి. తర్వాత తేడా చెప్పలేదని నన్ననకూడదు," అంటూ నాగేశ్వరప్రసాద్ మూడు బ్లేడ్ల మిషన్ స్విచ్ నొక్కి, అదే చెక్కని దానిలోకి తోశాడు. షాపు రేకులు అదిరిపోయాయి.

"ఆపండి బాబూ! నా కాపురం కూల్చేస్తారా ఏంటి!" ఉదయభాస్కర్ ఒక్క దూకు దూకి స్విచ్ కట్టేశాడు.

షాపంతా నిశ్శబ్దం. ఫోన్లోనూ నిశ్శబ్దమే. అత్తగారికి కోపమొచ్చి ఫోన్ పెట్టేసిందనుకున్నాడు. అయిపోయింది, సరి నెలలో ఎలాగూ పంపరు, ఇంక ఐదో నెల దాకా ఆశ లేదు.

"అత్తయ్యగారూ... ఉన్నారా?" అన్నాడు నీరసంగా.

బాబు ఏడుపు మళ్ళీ అందుకుంది. దాని వెనకే రత్నమాణిక్యం గొంతు ఖంగుమంది.

"ఎవరాపమన్నారండీ? మూడు నెలల్లో వీడు నోరు మూయడం ఇదే మొదటిసారి, మళ్ళీ వెయ్యండి ఆ మిషన్ని!"