ఎండా లేదు, వానా లేదు, గొడుగు

పార్కులో పాట మొదలైంది. పాప చెయ్యి తిప్పింది, జడ తిప్పింది.

సరిగ్గా అప్పుడే వెనకాల నల్లగొడుగు విచ్చుకుంది.

"ఛీ, మళ్ళీ దాపురించింది గొడుగావిడ!" అంటూ తల్లి ఫోను దించేసింది.

ఎండ లేదు. వాన లేదు. ఆ గొడుగెందుకో ఆకాశానికే అర్థం కాలేదు.

పాపకి పదకొండేళ్ళు. పెదాలకి రంగు, కళ్ళకి రంగు, చెంపలకి రంగు. సొంత రంగు ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఆ వీడియోలకి వేలమంది అభిమానులు. లైకు తగ్గితే లోకువైపోతామని తల్లి భయం.

"అమ్మా, కాసేపు ఉయ్యాల ఊగొస్తానే."

"ఇదొక్కటీ అయ్యాక. ఏదీ, నవ్వు. ఆ పళ్ళికిలింపు పిల్లనవ్వు కాదే, హీరోయిన్ నవ్వు!"

పాప పిల్లనవ్వు మింగేసి, పెద్దనవ్వు తగిలించుకుంది.

పాట మళ్ళీ మొదలు. పాప కుడికి జరిగితే గొడుగూ కుడికి జరిగింది. ఎడమకి వస్తే ఎడమకి వచ్చింది. పాపకన్నా గొడుగే తాళం తప్పకుండా ఆడుతోంది.

తల్లి చరచరా వెళ్ళింది.

"ఏమండీ పెద్దావిడా, ఇంత పార్కులో మీకింకో చోటు దొరకలేదా?"

ఆవిడ గొడుగు ముడవలేదు.

"పాపని ఇంట్లో ఆడించుకో తల్లీ. ఇలా నలుగురిలో వద్దు."

"మా పిల్ల, మా ఫోను. మధ్యలో మీకెందుకంట కడుపుమంట?"

వెనక బెంచీ మీది కుర్రాడు ఫోనులోంచి తలెత్తాడు. రోజూ అక్కడే కూర్చుంటాడు. నున్నగా దువ్విన తల, నెమ్మదైన గొంతు.

"మీ కష్టమంతా పాడుచేస్తోంది ఆంటీ. వాచ్‌మన్‌కి చెప్పండి, లోపలికే రానివ్వడు. కావాలంటే నేనూ సాక్ష్యం చెప్తా."

"ఎంత బుద్ధిమంతుడివి నాయనా!"

గొడుగావిడ అతనివైపు చూడలేదు. నేల చూపులు చూసింది.

"పోనీలేమ్మా, ఆ మామ్మ నాకు నీడ పడుతోంది," అంది పాప.

"నీడలో వీడియో ఏం వస్తుందే, నా మొహం!"

మర్నాడు వాచ్‌మన్ ఆవిణ్ణి గేటు దగ్గరే ఆపేశాడు. గొడుగు లేని వీడియో దుమ్ము లేపింది. అంత ఆనందం పట్టడానికి తల్లికి ఫోను చాలలేదు.

రెండ్రోజులకి ఆమె చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, పాప పక్కనుందా? లేకపోతేనే నే పంపిన లింకు తెరువు."

తెరిచింది. ఎవరిదో ఊరూ పేరూ లేని ఖాతా. అందులో తన కూతురు. అదే గౌను, అదే పాట.

కానీ ఈ వీడియో తను తీసింది కాదు. వెనకవైపు నుంచి, దొంగచాటుగా, బాగా దగ్గరికి లాగి తీసింది.

కింద జనం రాతలు. మొదటిది చదివింది. రెండోది చదవలేకపోయింది.

ఫిర్యాదు బటను నొక్కింది. చెల్లెలూ నొక్కింది. చూసినవాళ్ళ లెక్క మాత్రం ఆగలేదు. ఇన్నాళ్ళూ పెరగాలని మొక్కుకున్న అంకె, కళ్ళముందే పెరుగుతూ పోయింది.

ఏ మూలనుంచి తీశారా అని వెతికింది. ఆ మూలన ఉన్నది ఒకటే బెంచీ.

పాపకీ ఆ బెంచీకీ మధ్యనే రోజూ గొడుగు నిలబడేది.

పార్కుకి పరిగెత్తింది. బెంచీ ఖాళీ.

"వాడేడీ? రోజూ ఇక్కడ కూర్చునేవాడు!"

"మొన్న మీరు వీడియో తీసుకెళ్ళాక మళ్ళీ రాలేదమ్మా," అన్నాడు వాచ్‌మన్.

"మరి గొడుగావిడ?"

"మీరు వద్దన్నాక నేనెలా రానిస్తాను? ఆ రోజు మీరు వీడియో తీసినంతసేపూ ఈ గేటు ఊచలు పట్టుకుని ఒకటే ఏడుపు. 'ఒక్కసారి వదులు బాబూ, పాప వెనకాల నించుని వచ్చేస్తా' అని."

తల్లి అదే ఊచ పట్టుకుంది.

"వాడు దొంగచాటుగా తీస్తుంటే చూసింది ఆవిడొక్కతే. ఇల్లెక్కడో చెప్పు, కాళ్ళు పట్టుకునైనా సాక్ష్యానికి రమ్మంటాను."

వాచ్‌మన్ ఎగాదిగా చూశాడు.

"అదేంటమ్మా, మీకు తెలీదా? రోజూ వాడు ముందొచ్చేవాడు, గొడుగు పట్టుకుని వెనకాలే ఆవిడొచ్చేది... వాడి కన్నతల్లి."