భానుశ్రీ హ్యూకెరాలకు పట్టిన రోగం

"మళ్ళీ వచ్చినాయి!"

మిద్దె మీద నుంచి భానుశ్రీ పెట్టిన కేకకు కింద ఆమె భర్త గిరిప్రసాద్ చేతిలోని కాఫీ లుంగీ మీద ఒలికింది. తుడుచుకుంటూనే మెట్లెక్కాడు.

"ఏందే, పామా?"

"పామైతే తరిమేద్దును. మచ్చలు! నిన్న రెండు కుండీలకే ఉండె. ఈపొద్దు ఐదు కుండీలకు వచ్చినాయి. చూడండి!"

పచ్చటి నీడవల కింద హ్యూకెరా కుండీలు వరసగా ఉన్నాయి. పూల కోసం కాదు, ఆకుల రంగుల కోసం పెంచే మొక్కలవి. చల్లటి ఊళ్ళలో పెరిగేవాటిని తిరుపతి ఎండలో బతికించడమే గగనం. భానుశ్రీ బతికించడమే కాదు, జతలు కూడా కట్టింది. వంకాయరంగు ఆకుల పక్కన నిమ్మపండు రంగువి, ఇటుకరంగు పక్కన వెండిరంగువి, వెనకాల కాస్త ఫెర్న్. కొత్తగా కట్టిన ఒక హోటలు వాళ్ళు ఫోటోలు చూసి, లాబీ నిండా ఇవే పెట్టుకుంటామన్నారు. వాళ్ళ మేనేజరు పవిత్ర రేపే వచ్చి కళ్ళారా చూసి ఖాయం చేస్తుంది. భానుశ్రీకి ఇది మొట్టమొదటి ఆర్డరు.

సరిగ్గా ఇప్పుడే ఈ మచ్చలు దాపురించాయి. నిమ్మపండు రంగు ఆకుల మీద నల్లమచ్చ, వంకాయరంగు ఆకుల మీద తెల్లమచ్చ. గిరిప్రసాద్ వంగి చూశాడు.

"మంచి మంచి కుండీలకే వస్తా ఉండాదే. ఈ రోగానికి కూడా టేస్టుండాది."

"మీరు కిందికి పోండి, లేకపోతే నేను మిమ్మల్ని తోసేస్తాను."

మొక్కలు అమ్మిన మదనపల్లె నర్సరీ చిన్నబ్బకు ఫోటోలు పంపి ఫోను చేసింది.

"నల్లది ఆకుమచ్చ తెగులు మేడం. తెల్లది ఇంకో తెగులు. రెండూ ఒక్కసారే రావడం నేను యాడా చూళ్ళేదు" అన్నాడతను. "చేత్తో మాత్రం తాకొద్దండి, పక్క ఆకులకు అంటుకుంటాది. కత్తెరతో కోసి కాల్చేయండి. రేపటికి తగ్గకపోతే మొత్తం కోసేయాల్సిందే. రోగం చెట్టు అమ్మితే మీ పేరు పోతాది."

చేతికి కవరు తొడుక్కుని, మచ్చ ఉన్న ఆకునల్లా కత్తిరించింది. ఒక్కో ఆకూ తెగుతుంటే ప్రాణం ఉసూరుమంది. అప్పుడే అత్తగారు చంద్రకాంతమ్మ, మోకాళ్ళను తిట్టుకుంటూ, వడియాల గుడ్డ పట్టుకుని పైకి వచ్చింది.

"అత్తా, ఈ కుండీల్లో మీరేమన్నా పోసినారా? బియ్యం కడిగిన నీళ్ళు, అట్లాంటివి?"

"నేనెందుకు పోస్తానమ్మా? పూజకు రావు, పులగూరకు రావు. ఆ ఆకులతో నాకేం పని?"

భానుశ్రీకి ఒళ్ళు మండింది. ఇంత కష్టపడి పెంచిన మొక్కలను ఈవిడ ఒక్కనాడూ బాగున్నాయన్న పాపాన పోలేదు. మొన్న పక్కింటి మునిరత్నమ్మ వచ్చి "అబ్బా, ఏం రంగులు, ఏం రంగులు" అని మురిసిపోతుంటే, ఆ నాలుగు మాటలు కూడా విననివ్వకుండా "సర్లే రామ్మా, టీ చల్లారిపోతా ఉండాది" అంటూ ఆమె చెయ్యి పట్టి కిందికి లాక్కుపోయింది. కోడలిని ఒకరు మెచ్చుకుంటే అంత కడుపుమంటా!

"చెట్లకు రోగం వచ్చిందత్తా. రేపు హోటలామె వస్తా ఉండాది. నా ఆర్డరు పోయేట్టుంది."

చంద్రకాంతమ్మ గుడ్డ పరుస్తున్నది ఆగిపోయింది. పక్కింటి వైపు ఒకసారి గుర్రుగా చూసింది. "ఊఁ" అని మాత్రం అని, వడియాలు పెట్టకుండానే దిగి వెళ్ళిపోయింది.

ఓదార్పు మాట ఒక్కటి లేదు. భానుశ్రీ పళ్ళు కొరుక్కుంది.

మర్నాడు తెల్లవారగానే పైకి పరిగెత్తింది. మెట్ల దగ్గరే ఆగిపోయింది. ఒక్క కుండీ మిగల్లేదు. ప్రతి మొక్కకూ మచ్చలే. పచ్చవాటికి నల్లవి, నల్లవాటికి తెల్లవి, నిన్నటికన్నా పెద్దవి.

చిన్నబ్బకు మళ్ళీ ఫోను చేస్తే, "ఇంక ఆలోచించొద్దు మేడం" అన్నాడు.

భానుశ్రీ కత్తెర తీసుకుని కోయడం మొదలుపెట్టింది. జత కట్టిన కుండీలన్నీ ఒక్కొక్కటే బోడిగా మిగిలాయి. ఆకులన్నీ పాత నూనెడబ్బాలో కుక్కి, కిరసనాయిలు పోసి నిప్పు పెట్టింది. తర్వాత పవిత్రకు ఫోను చేసింది.

"ఈ చెట్లు అమ్మలేనండి. రోగం పట్టింది. మీరు రావద్దు."

"అయ్యో! నేను రేణిగుంట దాటినాను కూడా" అంది పవిత్ర. "సరేలెండి, నిజం చెప్పినారు. బెంగుళూరు నర్సరీ వాళ్ళకే చెప్పుకుంటాం."

ఫోను పెట్టేసి, డబ్బాలోంచి లేస్తున్న పొగను చూస్తూ గోడకానుకుని కూలబడింది. గిరిప్రసాద్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఈసారి జోకులేమీ వేయలేదు.

మెట్ల మీద మూలుగు వినిపించింది. చంద్రకాంతమ్మ ఒక చేత్తో మోకాలు, ఒక చేత్తో చిన్న పళ్ళెం పట్టుకుని పైకి వచ్చింది. బోడి కుండీలను చూసి నోరు తెరిచింది.

"మే భానూ, ఆకులన్నీ యాడికి పోయినాయి? మునిరత్నమ్మ దిష్టికే రోగం వచ్చె, ఈపొద్దు ఆ హోటలామె కండ్లు గూడా పడతాయి గదా, పచ్చాకులకు కాటుక, నల్లాకులకు సున్నం ఇంకో బొట్టు పెడదామని వచ్చినానే!"