బాబాయ్ గారికి దారి

“నిజం చెప్పు. ఆఖరి మలుపులో నాకు దారిచ్చావా, లేదా?”

లిఫ్టు మెకానిక్ అడిగిన ప్రశ్నకు మందుల షాపు కుర్రాడు తలెత్తలేదు. తన బండి చక్రాలకు పట్టిన బురద మీదికి నీళ్ళ పైపు తిప్పాడు.

“అబ్బే, అదేం లేదు బాబాయ్ గారూ. మీరే దూసుకెళ్ళారు.”

“నేను దూసుకొస్తే నువ్వు పక్కకెందుకు జరిగావు?”

“పెద్దవాళ్ళు వెనకొస్తుంటే అడ్డం ఎలా ఉంటామండీ, అందరం...” అనేసి కుర్రాడు నాలిక్కరుచుకున్నాడు.

అందరం! మెకానిక్ ప్రాణం ఉసూరుమంది. యాభై ఆరేళ్ళు నిండాక కూడా ఈ మోటోక్రాస్ బైకు పందేలేమిటని చుట్టాలంతా నవ్వినా వినకుండా, ప్రతి ఆదివారం ఈ మట్టి ట్రాకులో ఒళ్ళు హూనం చేసుకుంటున్నాడు. వారమంతా లిఫ్టు గోతుల్లో వంగి వంగి నడుము పట్టేస్తే, మిగిలింది ఇక్కడ గుట్టల మీద ఎగిరి విరగ్గొట్టుకోవడం. అయినా నలభైల్లో తోలినట్టు తోలట్లేదు. అప్పుడు గుట్ట కనిపిస్తే చాలు, గుడ్డిగా యాక్సిలరేటర్ తిప్పడం, బోర్లా పడటం. ఇప్పుడు సీటు మీంచి లేచి నిలబడి, మోకాళ్ళతో ట్యాంకును అదిమిపట్టి, చూపు ముందు చక్రం మీద కాకుండా రాబోయే మలుపు మీద నిలపడం నేర్చుకున్నాడు. ఒళ్ళు అరిగింది గానీ చెయ్యి తిరిగింది. అందరికన్నా వెనక వచ్చేవాడు ఈ ఏడాది నాలుగో స్థానం దాకా వచ్చాడు.

వచ్చాడా, లేక తీసుకొచ్చి కూర్చోబెట్టారా? అది తేలకపోతే ఇక బండెక్కడం దండగ అనిపించింది.

ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. భార్య అలవాటుగా నూనె సీసా తెచ్చి మోకాళ్ళు పట్టడం మొదలుపెట్టింది.

“అమ్మేస్తానే” అన్నాడు.

“ఏమిటి?”

“బండి.”

ఆవిడ చెయ్యి ఆగింది. ఆ బండి వదిలించుకోమని ఏళ్ళ తరబడి పోరిన మనిషి. ఎగిరి గంతేస్తుందనుకుంటే, అతని మొహంలోకే చూస్తూ ఉండిపోయింది.

“ఎందుకూ? పడ్డారా?”

“పడితే బాగుండేది. గౌరవిస్తున్నారే నన్ను! బస్సులో సీటిచ్చినట్టు మలుపులో దారిస్తున్నారు.”

“పోనీలెండి, మర్యాద తెలిసిన పిల్లలు.”

“రేసులో మర్యాదేమిటే నీ మొహం! మా రోజుల్లో ఎవడైనా దాటితే వాడి ఏడు తరాలనీ ఎత్తి తిట్టేవాళ్ళం. నన్ను ఒక్కడు ‘ఒరేయ్’ అని తిట్టమను చూద్దాం! అప్పుడు నిజంగా దాటినట్టు. ఇన్నాళ్ళూ చిన్నపిల్లాడిలా మురిసిపోయాను. సిగ్గుగా ఉంది.”

ఆవిడ ఇంకాస్త నూనె అద్ది మోకాలు నొక్కసాగింది.

“మా వెల్డరుగాడి అల్లుడు వచ్చే ఆదివారం రేసుకి రావట్లేదట” అన్నాడు. “కొత్తవాడు, ఎవరికీ సరిగ్గా తెలీదు. వాడి హెల్మెట్టు, వాడి బండి తీసుకుని దిగుతాను. వాళ్ళు నేననుకోరు కాబట్టి దారివ్వరు. అప్పుడూ నాలుగో స్థానం వచ్చిందా, సరే. రాలేదా, బండి అమ్మకం.”

“ఈ వయసులో దొంగ వేషాలొకటి!” అని ఆవిడ సీసా వంచి చూసింది. “నూనె నిండుకుంది. మందుల షాపు కట్టేసేలోపు తెస్తాను” అంటూ చెప్పులేసుకుంది.

ఆదివారం అల్లుడి హెల్మెట్లో మామ వయసువాడు ట్రాకెక్కాడు. ఒక్కడూ జరగలేదు. మొదటి మలుపులోనే ఎవడో మోచేత్తో పొడిచాడు. ఇంకొకడు చక్రంతో మొహం నిండా బురద కొట్టాడు. మధ్యలో ఊపిరందక, చేతులు తిమ్మిరెక్కి, పక్కకి తప్పుకుని ఆగిపోదామనుకున్నాడు. ఆగలేదు. చూపు మలుపు మీదే నిలిపి ఒక్కొక్కరినే దాటుకుంటూ పోయాడు.

ఆఖరి మలుపులో ముందున్నది మందుల షాపు కుర్రాడే. మెకానిక్ లోపలి వైపు నుంచి దూరాడు. చక్రాలు రాసుకున్నాయి. కుర్రాడి బండి వంకర తిరిగి ఆగిపోయింది.

“ఒరేయ్! కళ్ళు నెత్తికెక్కాయా? దిగరా వెధవా, నీ సంగతి చెప్తా!”

ఇంజను హోరులో కూడా ఆ కేక స్పష్టంగా వినిపించింది.

మూడో స్థానం.

హెల్మెట్టు తీయడానికి సాయం పట్టిన వెల్డరు కంగారు పడ్డాడు. “ఏంట్రా, ఏడుస్తున్నావా? దెబ్బ తగిలిందా?”

“వెధవా అన్నాడ్రా నన్ను!” మెకానిక్ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

ఇంటికొచ్చి భార్యకు చెప్పిందే మళ్ళీ చెప్పాడు.

“అంత మాటన్నాడా? పెద్దంతరం చిన్నంతరం లేదూ!” అని ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. “మరి బండి?”

“అమ్మడమా? పిచ్చిదానా, నేనిప్పుడే నేర్చుకుంటున్నాను!”

ఒంట్లో ప్రతి కీలూ నొప్పి పెడుతోంది. ఆ నొప్పి కూడా హాయిగానే ఉంది. ఈల వేసుకుంటూ స్నానానికెళ్ళి, తువ్వాలు మరిచిపోయి వెనక్కొచ్చాడు.

వంటింట్లో భార్య గొంతు తగ్గించి ఫోన్లో మాట్లాడుతోంది.

“చెప్పినట్టే తిట్టావు, చల్లగా ఉండు నాయనా!”