మధ్యాహ్నం మాత్ర

గురువారం సాయంత్రం వసుమతి తన కూతురు సుమశ్రీ మందుల డబ్బా తెరిచింది. మధ్యాహ్నం మాత్రల అట్ట తెచ్చింది తెచ్చినట్టే ఉంది. దాని కింద వసుమతి తండ్రి రాఘవయ్య మాత్రల అట్ట ఉంది. అందులో నాలుగు ఖాళీ.

రాఘవయ్యది చేతులు వణికే జబ్బు, పార్కిన్సన్స్.

"చంద్రమ్మా, సోమవారం నుంచి పాపకి ఏ మాత్ర వేస్తున్నావు?"

పనిమనిషి చంద్రమ్మ ఆ నాలుగు ఖాళీల అట్టే చూపించింది. ఆమెకు చదువు రాదు. రెండు రకాలూ తెల్లవే, చిన్నవే. ఆదివారం షాపు నుంచి ఒకే కవర్లో వచ్చిన మందులు సర్దింది కూడా ఆమే. పొద్దుటివి, రాత్రివి వసుమతి వేస్తుంది. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్‌లో జావా పాఠాలు చెబుతూ ఆమె మధ్యాహ్నం ఇల్లు చేరలేదు.

సుమశ్రీకి ఎనిమిదేళ్లు. ఇంతవరకు తనంతట నడవలేదు. రెండో ఏటే డాక్టర్లు సెరిబ్రల్ పాల్సీ అన్నారు. మెదడుకు జరిగిన నష్టం పూడదని, బిగుసుకుపోయే కాళ్లను మందులతో కాస్త సడలించడమే చేయగలమని చెప్పారు. అప్పటినుంచి బ్యాక్లోఫెన్ మాత్రలు, ఒళ్లు మెలికలు తిరగకుండా మధ్యాహ్నం ఇంకో మాత్ర, ఏడాదికి రెండుసార్లు పిక్కల్లో ఇంజక్షన్లు. అలాంటి పిల్ల ఒంట్లోకి నాలుగు రోజులుగా ముసలాయన మందు వెళ్లింది.

రేపటినుంచి పనిలోకి రావద్దని చంద్రమ్మతో చెప్పేసి, వసుమతి పిల్లను ఎత్తుకుని ఆటో ఎక్కింది. చంద్రమ్మ కళ్లు తుడుచుకుంటూ తనూ ఎక్కింది. దిగమనే ఓపిక వసుమతికి లేదు. పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ కదలనంతసేపూ, ఎక్కడ ఫిట్స్ వస్తాయోనని పిల్ల ముఖమే చూస్తూ కూర్చుంది.

ఆసుపత్రిలో డాక్టర్ రాఘవేందర్ కొత్తగా చేరినాయన. రెండు అట్టలూ చూశాడు. సుమశ్రీ మోకాలు వంచి, చాపి, మళ్లీ వంచాడు. పొద్దున కాస్త నయంగా ఉండి సాయంత్రానికి బిగుసుకుపోతుంటుందా అని అడిగాడు. చిన్నప్పటినుంచీ అంతేనని, అలసట అనుకున్నామని వసుమతి చెప్పింది. ఈ మధ్య కాళ్లు తేలిగ్గా వంగుతున్నాయని, మొన్నటి ఇంజక్షన్ పనిచేసిందనుకున్నానని కూడా అంది.

ఆయన చంద్రమ్మ వైపు తిరిగి, ఈ నాలుగు రోజుల్లో ఏం చూశావని అడిగాడు.

"ఇయ్యాల మధ్యాహ్నం గోడ పట్టుకొని వంటింట్లకు నడిసొచ్చింది సారు. గా ముచ్చట చెప్దామనే అమ్మ కోసం ఎదురుచూసిన."

వసుమతి ఆమె ముఖంలోకి చూసింది. నమ్మలేదు.

డాక్టర్ పిల్లను మంచం మీంచి దింపి నిలబెట్టి, మెల్లగా చేతులు వదిలేశాడు. పట్టుకోబోయిన వసుమతిని ఆగమన్నాడు. సుమశ్రీ తూలింది. నిలదొక్కుకుంది. నాలుగడుగులు వేసి చంద్రమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

వసుమతి నేల మీద కూర్చుని పిల్ల కాళ్లు తడిమి చూసింది.

"సెరిబ్రల్ పాల్సీకి ఇలాంటి మందుందని ఇన్నేళ్లూ మాకెవరూ చెప్పలేదేంటి డాక్టర్ గారూ?"

రాఘవేందర్ పాత ఫైలు మూసి పక్కన పెట్టాడు.

"ఆ జబ్బుకు ఈ మందు పనిచెయ్యదమ్మా. పొద్దున నయంగా ఉండి సాయంత్రానికి బిగుసుకునుడు ఈ మందుకు లొంగే వేరే జబ్బు లక్షణం. పరీక్షలు చేయిస్త గని, నాకైతే అనుమానం లేదు."

వసుమతి తలెత్తి చూసింది.

"మీ పాపకు ఆ జబ్బు లేనే లేదు."