లోపల వదిలిన బట్ట

"నీ వయసెంత?" అంది టైలరక్క తలుపు తీస్తూనే. గది పంచుకోవడానికి మనిషి కావాలని గేటుకు అట్ట కట్టింది ఆవిడే.

"ఇరవై ఒకటి."

"హమ్మయ్య! ముందొచ్చిన ముగ్గురూ ముప్పై దాటినవాళ్లే." అల్మారాలోంచి నీలం గౌను తీసి చేతిలో పెట్టింది. "ఇదోసారి వేసుకోమ్మా."

ఆస్పత్రిలో కొత్తగా చేరిన ఆ నర్సు తెల్లబోయింది. "నేను గది చూడ్డానికొచ్చానక్కా. ఇల్లు వదిలి రావడం ఇదే మొదలు. బాబాయేమో అప్పు చేసైనా ఫ్లాటు కొనుక్కోమంటాడు. ఒక్కదాన్నే అద్దెకుండాలంటే భయం. మీతో కలిసుంటే తోడుగా ఉంటుందని..."

"ఉందువుగానిలే. ముందు వేసుకో."

తెర చాటుకెళ్లి వేసుకొచ్చింది. పక్కల పొడవునా పాత కుట్లు విప్పిన గీతలు.

"ఇన్నిసార్లు వదులు చేశారేంటక్కా?"

"మా చెల్లిది. పద్నాలుగేళ్లప్పుడు బడికని వెళ్లింది, మళ్లీ రాలేదు. ఇప్పుడు దానికీ ఇరవై ఒకటే. ఎదిగే పిల్ల కదాని లోపల బట్ట ఎక్కువే వదిలి కుట్టాను. ఏటా ఒక కుట్టు విప్పుతాను. వచ్చేసరికి పట్టాలి కదా!"

గౌను నర్సుకు చంకల దగ్గర బిగిసిపోయింది. టైలరక్క వేళ్లు కుట్టు వెంట తడుముతూ వెళ్లి, అంచు దగ్గర ఆగాయి. ముఖం పాలిపోయింది.

"ఇంక విప్పడానికి బట్ట లేదే! అయితే దానికిది పట్టదా?"

"ఎందుకు పట్టదక్కా? నాకు సరిగ్గా సరిపోయిందిగా," అంది నర్సు, ఊపిరి బిగబట్టి.

టైలరక్క ముఖం విప్పారింది. గోడవారనున్న రెండో మంచం మీద దుప్పటి దులిపింది.

"అయితే రేపే వచ్చెయ్. అద్దె కూడా వద్దు. ఏటా ఓసారి ఇది వేసుకుని చూపించు, చాలు."

నర్సు తల ఊపింది. ఊపిరి మాత్రం ఇంకా వదల్లేదు.