ఊగని బల్ల

"బల్ల ఊగితే ఈగ చెడుతుంది," అన్నాడు ధనశేఖర్.

పరశురామ్ ఆ మాటను చిన్న నోటుబుక్కులో రాసుకున్నాడు.

ధనశేఖర్ హోసూరులో ఒక ఎక్స్‌పోర్టు కంపెనీ సూపర్‌వైజరు. ఆ కంపెనీ దొరల దేశాలకు గాలపు ఈగలు పంపుతుంది. సన్నటి గాలపు ముల్లుకు కోడిమెడ ఈక చేర్చి పట్టుదారం చుడితే, అచ్చం నీళ్ళమీద వాలిన ఈగలా ఉంటుంది. చేప మోసపోతుంది. ఆ చేప ఏ దేశపు ఏట్లో ఈదుతుందో హోసూరులో చూసినవాళ్ళు లేరు.

కంపెనీలో నలభైమంది ఆడవాళ్ళు. అందరిలోకీ పరశురామ్ చెల్లెలు శోభన చెయ్యే చెయ్యి. ఆమె కట్టిన ఈగను అన్నం పళ్ళెం పక్కన పెడితే ఎవరైనా తోలబోతారు. ఈ మనిషి కట్టినవే పంపమని కొనేవాళ్ళు ఫ్యాక్సులు పంపేవారు.

అలాంటి శోభన రెండు నెలలుగా పనికి రావడం లేదు.

"కాళ్ళల్లో సత్తువ లేదు సార్. రెండడుగులు ఏస్తే పడిపోతాది," అన్నాడు పరశురామ్. "ఇంట్లోనే కట్టిస్తాను. మీరు సామాన్లు ఇస్తే చాలు."

ధనశేఖర్ జాలిపడ్డాడు. సామాన్లు ఇవ్వడమే కాదు, బల్ల ఎలా ఉండాలో విడమరిచి చెప్పాడు. మోచేతి ఎత్తుకు ఉండాలి. వెలుతురు ఎడమవైపు నుంచి పడాలి. గాలి తగలకూడదు, ఈకలు ఎగిరిపోతాయి. ప్రతి వస్తువుకూ ఒక చోటుండాలి. కూర్చున్న మనిషి దేనికోసమూ లేవకూడదు.

చివరి మాట కింద పరశురామ్ గీత గీశాడు.

అమ్మానాన్నలు పోయాక శోభనను సాకింది అతనే. ఏడాది కిందట వేప్పనపల్లి నుంచి ఒక సంబంధం వచ్చింది. మామిడితోటలున్నవాళ్ళు. శోభన తల వంచుకుని నవ్వింది కూడా. పరశురామే వద్దన్నాడు. "ఇట్లాంటి ఏళ్ళు మీ తోటలో కాయలు కోసేదానికా?" అని చెల్లెలి చేతివేళ్ళు చూపించి పంపేశాడు.

మొదట వంటింట్లో ఉన్న కట్టెబల్లనే వేసి చూశాడు. తేలిక బల్ల. వినాయక చవితి రోజు తను పనిచేసే ఫ్యాక్టరీ నుంచి ఇంటికొచ్చేసరికి, గోడవారన ఉండాల్సిన బల్ల వాకిలి దాకా జరిగిపోయి ఉంది. ఈకలు, దారపు కండెలు నేలపాలు. ఆ రోజే తీర్మానించుకున్నాడు, ఇక కదలని బల్లే కావాలని.

దానికోసం వారం రోజులు తిరిగాడు. హోసూరు అడితీల్లో చూసినవేవీ నచ్చలేదు. బాగలూరు రోడ్డు అంగడిలో ఒక మడతబల్లను వేలితో తోసి చూసి, అది ఊగగానే బయటికొచ్చాడు. చివరికి కృష్ణగిరి దాకా పోయి, గ్రానైటు కోసేచోట మందపాటి నల్లరాతి పలక ఎంచుకున్నాడు. కాళ్ళకు ఇనుప పైపులు తెచ్చాడు.

మేస్త్రీ చెన్నరాయప్ప నేలను అడుగులోతు తవ్వి, ఆ కాళ్ళను సిమెంటులో పాతాడు.

"ఏమప్పా, ఈగలు కట్టే బల్లమీద ఏనుగు కూర్చుంటుందా? ఏంటికింత గట్టి?"

"మా చెల్లెలు కూర్చునేదప్పా. ఇసుమంత కూడా కదలకూడదు."

చెన్నరాయప్ప చేతిలో తాపీ ఆగిపోయింది. "తోడబుట్టినోడంటే నువ్వప్పా. మా ఇంటామెకీ ఉండారు ముగ్గురన్నలు. ఒక్కడన్నా తొంగి చూసేది లేదు."

పరశురామ్ సిగ్గుపడ్డాడు.

వారం రోజులు తనే సిమెంటుకు నీళ్ళు పెట్టాడు. తర్వాత ముల్లును పట్టుకునే చిన్న వైసును పలకకు బిగించాడు. కుడివైపు కత్తెర, సూది, తేనెమైనం. ఎడమవైపు రంగుల వరసన దారపు కండెలు. ఈకలకు గాజుసీసాలు, ప్రతి సీసాకూ చీటీ. చెయ్యి చాస్తే అందేలా నీళ్ళచెంబు, టిఫిను డబ్బా, రేడియో. గాలి రాకుండా కిటికీకి మేకులు కొట్టాడు. ఎడమవైపు ట్యూబ్‌లైటు పెట్టించాడు. బల్ల నుంచి బాత్‌రూమ్ దాకా టేపు పట్టి రెండుసార్లు కొలుచుకున్నాడు. తొమ్మిదడుగులు.

శనివారం పొద్దున ధనశేఖర్ వచ్చి చూసి నోరు తెరిచాడు.

"ఇట్లాంటి టేబుల్ మా కంపెనీలోనే లేదప్పా! శోభన యాడ?"

"లోపల పండుకోనుంది సార్. ఇప్పుడే కన్నంటుకునింది."

"లేపొద్దు, లేపొద్దు." ధనశేఖర్ గొంతు తగ్గించాడు. కెమెరాతో బల్లను ఫొటో తీసుకున్నాడు, కంపెనీలో అందరికీ చూపించాలని.

అతని బండి చప్పుడు దూరమయ్యాక, పరశురామ్ లోపలిగది తలుపు తీసి, చెల్లెల్ని రెక్కపట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు.

శోభన చాలాసేపు బల్లను చూసింది. "కిటికీ తీయకూడదాన్నా?"

"ఈకలు ఎగిరిపోతాయమ్మా." ఆమె వెనక్కి వచ్చి నిలబడ్డాడు. "తోసి చూడు. ఊగతా ఉందా?"

ఆమె రెండు చేతులూ పలక అంచుకు ఆనించి తోసింది. పళ్ళు బిగించి ఇంకోసారి తోసింది. భుజం ఆనించి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తోసింది.

గాజుసీసాల్లో ఒక్కటీ గలగలమనలేదు.

"ఊగలేదన్నా," అంది, కళ్ళెత్తకుండా.

పరశురామ్ మనసు తేలికపడింది. ఆమె తల నిమిరి, కండె అందించాడు. శోభన వైసులో ముల్లు బిగించి, దారం చుట్టడం మొదలుపెట్టింది. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నా వేళ్ళు మాత్రం తప్పలేదు. అవి పని మరిచే వేళ్ళు కావు.

సెకండ్ షిఫ్టు బస్సుకు టైమైంది. పరశురామ్ టిఫిను డబ్బాను ఆమె వైపు ఇంకాస్త జరిపాడు. రేడియో పెట్టాడు. చెప్పులేసుకున్నాడు.

ఆ తర్వాత బల్ల కిందికి వంగి, తొమ్మిదడుగుల గొలుసు ఒక కొసను చెల్లెలి చీలమండకూ రెండో కొసను బల్ల ఇనుపకాలికీ చుట్టి తాళాలు వేసి, బస్సుకు పరిగెత్తాడు.