ఆఖరి కాపురం

“మీరిద్దరూ ఆఖరిసారి కలిసి కాపురమున్న ఊరేది? విడాకుల కేసు అక్కడి కోర్టులోనే వేద్దాం,” అంది వకీలు అనిల.

“ఎల్లారెడ్డి, మేడం. మొన్నటిదాక ఒక్క ఇంట్లనే ఉన్నం,” అన్నాడు శ్రీశైలం.

“కాదు, కామారెడ్డి,” అంది రాజమణి.

అతను ఎగతాళిగా నవ్వాడు. “గాడ మనకు ఇల్లెక్కడిదే?”

“బిడ్డ దవఖానల ఉన్నప్పుడు కిరాయికి అర్ర తీస్కోలే? నువ్వే వండుతుంటివి. నేను ఏడుస్తుంటే బుదరకిచ్చి తినిపిస్తుంటివి.”

“గదొక కాపురమా?”

“బిడ్డను మట్టిల పెట్టి ఎల్లారెడ్డికొచ్చినంక, నాతోని ఒక్కపూటన్న కూసొని తిన్నవా?”

శ్రీశైలం నవ్వు ఆరిపోయింది. ఆమె మొహంలో బిడ్డ పోలికలు చూడలేకే పళ్లెం పట్టుకొని అరుగు మీదికి పోయేవాడు. ఆ మాట ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.

“కామారెడ్డే రాయండి, మేడం,” అన్నాడు తల దించుకొని.